స్పాన్ నుంచి చేపపిల్ల దాకా: గజపతి, రాయగడ, గంజాం జిల్లాల రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, బరంపురం చుట్టుపక్కల సొంత చెరువో, పంచాయతీ లీజు చెరువో ఉన్న తెలుగు రైతుల కోసం ఈ పేజీ. మోతాదులన్నీ 10 సెంట్ల నీటి విస్తీర్ణానికి, 1 మీటరు లోతుకు లెక్కగట్టి ఇచ్చాం. పట్టాలో డిసిమిల్ అని ఉంటే దాన్నే సెంటుగా తీసుకోండి. మీ చెరువు 25 సెంట్లయితే రెండున్నర రెట్లు చేసుకోవాలి. లోతు తక్కువైతే ఇప్ప చెక్క, బ్లీచింగ్ మోతాదు కూడా అదే నిష్పత్తిలో తగ్గించాలి.

చేపపిల్లల వ్యాపారం మొదలుపెడదామనుకుంటున్నాం. హేచరీ కట్టాలా, నర్సరీ చాలా?

ముందు నర్సరీతో మొదలుపెట్టండి. హేచరీ అంటే తల్లిచేపలతో గుడ్లు పెట్టించి స్పాన్, అంటే మూడు రోజుల పిల్ల, తీసే చోటు. నర్సరీ అంటే ఆ స్పాన్‌ను పెంచే గుంట. హేచరీకి ఏడాది పొడవునా మేపాల్సిన తల్లిచేపలు, వాటికి వేరే చెరువు, ఓవర్‌హెడ్ ట్యాంకు, జనరేటరు, రాత్రంతా కాపలా ఉండే మనుషులు కావాలి. ఇంతా చేస్తే పని ఉండేది మృగశిర కార్తె నుంచి మఖ దాకా, అంటే జూన్ రెండో వారం నుంచి ఆగస్టు చివరి వరకే. నర్సరీకి 10 సెంట్ల గుంట సరిపోతుంది. మన జిల్లాల్లో కొరతగా ఉన్నది స్పాన్ కాదు, చేతివేలంత పిల్ల, అంటే ఫింగర్‌లింగ్. వానలు పడి చెరువులు నిండే సమయానికి మంచి పిల్ల చేతికందక, దొరికిందేదో తెచ్చి వదిలే రైతులే ఎక్కువ. ఆ కొరత తీర్చేది నర్సరీయే.

లెక్క చూడండి. 10 సెంట్ల నర్సరీలో 2 లక్షల స్పాన్ వదిలి 40 శాతం బతికించుకుంటే 80,000 ఫ్రై, అంటే అంగుళం పిల్లలు, వస్తాయి. వాటిని ఫింగర్‌లింగ్ దాకా పెంచడానికి 80 సెంట్ల నీరు కావాలి. అక్కడ 65 శాతం నిలిచినా 52,000 పిల్లలు. ఎకరానికి 2,000 నుంచి 2,400 చొప్పున వదిలే మామూలు పెంపకానికి ఇవి 20 ఎకరాలకు పైగా సరిపోతాయి. ఒక్క గుంట చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల చెరువులకు పిల్లను ఇవ్వగలదు.

స్పాన్, ఫ్రై, ఫింగర్‌లింగ్ అంటే ఏ సైజు?

స్పాన్ 6–8 మి.మీ. ఉంటుంది, గుడ్డు పగిలిన మూడో రోజు పిల్ల. ఫ్రై 25 మి.మీ. అటూ ఇటూ, నర్సరీలో 15–20 రోజులు పెరిగింది. ఫింగర్‌లింగ్ 80–100 మి.మీ., మరో రెండు మూడు నెలలు పెరిగింది.

హేచరీలో అసలు ఏం జరుగుతుంది? చెరువులో చేప దానంతటదే గుడ్లు పెట్టదా?

బొచ్చె, రోహు, మృగాల మూడూ నదిచేపలు. వరదనీటి పారుదల తగిలితేనే గుడ్లు వదులుతాయి. నిలవనీటి చెరువులో పొట్టనిండా గుడ్లతో తిరుగుతాయి గానీ పెట్టవు. అందుకే ఒకప్పుడు నదుల్లో వరదలో కొట్టుకొచ్చే పిల్లను వలలతో పట్టి అమ్మేవారు. అందులో బొచ్చెతోపాటు వాలుగ, కొర్రమీను పిల్ల కూడా కలిసి వచ్చేది. 1957 జులై 10న ఒడిశాలోనే, అంగుల్‌లో, హీరాలాల్ చౌధురి, అలికున్హి ఈ చేపలకు పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించారు. జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకొనేది అందుకే. ఇప్పుడు గ్రంథి రసం బదులు తయారుగా దొరికే హార్మోను ఇంజెక్షన్ వాడుతున్నారు.

హేచరీలో మూడు ముఖ్యమైన భాగాలుంటాయి. పైన నీటి ట్యాంకు, కింద గుండ్రటి బ్రీడింగ్ పూల్, పక్కన చిన్న హేచింగ్ పూల్స్. పెద్ద హేచరీల్లో బ్రీడింగ్ పూల్ అడ్డుకొలత 8 మీటర్లు ఉంటుంది, 50 ఘనమీటర్ల నీరు పడుతుంది. ఒక విడతకు 70 కిలోల దాకా తల్లిచేపలు వదలొచ్చు. గోడ చుట్టూ ఏటవాలుగా పెట్టిన గొట్టాల నుంచి వచ్చే నీరు పూల్‌లో సుడి తిరుగుతూ వరదలా భ్రమింపజేస్తుంది. పెట్టిన గుడ్లు మధ్య గొట్టం ద్వారా హేచింగ్ పూల్‌కి చేరతాయి. అక్కడ లోపల సన్నని నైలాన్ తెర, అడుగున బాతు ముక్కు ఆకారపు గొట్టాలు ఉంటాయి. గుడ్డు అడుగున కూర్చోకుండా నీరు ఆగకుండా తిప్పుతూనే ఉండాలి. ఘనమీటరు నీటికి 7 లక్షల గుడ్లు మించకూడదు.

27–30 డిగ్రీల వేడిలో 14–18 గంటల్లో గుడ్డు పగులుతుంది. పిల్ల పొట్టకింద పచ్చసొన సంచి ఉంటుంది. అది కరిగే వరకు, దాదాపు 72 గంటలు, దానికి మేత అక్కర్లేదు. ఆ సంచి కరిగిన రోజే స్పాన్ అమ్మకానికి సిద్ధం.

చిన్నగా మొదలుపెట్టాలనుకునేవారికి భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్రీయ మంచినీటి జలచర సంస్థ, సీఫా, ఫైబర్ హేచరీ రూపొందించింది. ఒక విడతకు 10–12 కిలోల తల్లిచేపలతో ఇంచుమించు 10 లక్షల స్పాన్ తీయొచ్చు. లారీలో వేసి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. నాలుగైదు గ్రామాల సంఘం కలిసి పెట్టుకుంటే ఇది మంచి ఎంపిక.

తల్లిచేపను ఎలా ఎంచాలి? ఇంజెక్షన్ ఎంత?

వయసు 2–4 ఏళ్లు, బరువు 2–5 కిలోలు ఉండాలి. మగచేప పక్క రెక్కను వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, పొట్ట మెల్లగా నొక్కితే తెల్లగా పాలు కారతాయి. ఆడచేప రెక్క నున్నగా ఉంటుంది, పొట్ట మెత్తగా ఉబ్బి, మలద్వారం ఎర్రగా ఉబ్బి కనిపిస్తుంది. పొట్ట ఉబ్బి ఉన్నా గట్టిగా ఉంటే అది కొవ్వు, గుడ్లు కాదు. నూనె ఎక్కువ ఉన్న చెక్క దండిగా మేపిన చెరువుల్లో ఈ మోసం తరచూ జరుగుతుంది.

ఆడచేప ఒకటికి మగచేపలు రెండు. బరువులో చూస్తే సమానంగా ఉండాలి. ఒవాప్రిమ్ వంటి మందు ఆడచేపకు కిలో బరువుకు రోహుకు 0.3–0.4 మి.లీ., బొచ్చెకు 0.4–0.5, మృగాలకు 0.25–0.3. మగచేపకు కిలోకు 0.1–0.2 చాలు. 3 కిలోల రోహు ఆడచేపకు 1 మి.లీ. కాస్త అటూ ఇటూ అన్నమాట. వీపు రెక్క కింద, పక్కగీతకు పైన, పొలుసు సందులో సూది ఏటవాలుగా దించాలి. మందు ఎక్కించాక ఆ చోట వేలితో మెల్లగా రుద్దకపోతే కొంత బయటికి వచ్చేస్తుంది. సాయంత్రం 5–6 గంటలకు ఇంజెక్షన్ ఇస్తే తెల్లవారేలోపు గుడ్లు పెడతాయి.

ఒక పూల్‌లో ఒక్క జాతినే వదలండి. బొచ్చె, రోహు కలిపి వదిలితే సంకర పిల్ల పుడుతుంది. అది రెండు జాతుల మంచి గుణాలూ పూర్తిగా చూపదు. పైగా అదే పిల్లను మళ్లీ తల్లిచేపగా వాడితే జాతే చెడుతుంది. ఒకే చెరువులో పుట్టిన అన్నాచెల్లెళ్లను ఏళ్ల తరబడి జత కట్టిస్తే పెరుగుదల తగ్గుతుంది, అంగవైకల్యాలు వస్తాయి. రెండు మూడేళ్లకోసారి వేరే చోటు నుంచి తల్లిచేపలు మార్చాలి.

గుడ్లు తెల్లబడి పోతున్నాయి. ఎందుకు?

మంచి గుడ్డు గాజుపూసలా తేటగా ఉంటుంది, మధ్యలో చిన్న చుక్క కదులుతూ కనిపిస్తుంది. పాలలా తెల్లబడిందంటే ఫలదీకరణ జరగలేదన్నమాట. నూటికి 80–90 తేటగా ఉంటే విడత బాగున్నట్టే. సగం తెల్లబడితే కారణాలు సాధారణంగా ఇవి: మగచేప చాల్లేదు, లేదా దాని పాలు పలచబడ్డాయి; ఆడచేప గుడ్లు ముదరలేదు; సీజన్ చివరి తల్లిచేపలను రెండోసారి వాడారు; నీరు 32 డిగ్రీలు దాటింది. వాన పడకుండా ఉక్కపోసే రోజుల్లో ఇంజెక్షన్ ఇవ్వకుండా ఒకటి రెండు రోజులు ఆగితే నష్టం లేదు. బొచ్చె విషయంలో ఇది మరీ ముఖ్యం. ముసురు పట్టాకే అది బాగా గుడ్లు వదులుతుంది.

ఫలించిన గుడ్లు కూడా మధ్యలో చనిపోతే నీటి ప్రవాహం చూడండి. కరెంటు పోయి 10–15 నిమిషాలు నీరు ఆగినా గుడ్లు అడుగున గుట్టపడి ఊపిరాడక పోతాయి. జనరేటరు ఉందంటే చాలదు, ఓవర్‌హెడ్ ట్యాంకులో ఎప్పుడూ కనీసం గంట నీరు నిల్వ ఉంచాలి. గుడ్లు పగిలే సమయంలో పెంకుల తొక్క తెరకు అంటుకుని నీరు పొంగి పోతుంది, పిల్ల కూడా దాంతో పోతుంది. ఆ రెండు మూడు గంటలూ మెత్తని బ్రష్‌తో తెరను బయటి నుంచి తుడుస్తూ ఒక మనిషి అక్కడే ఉండాలి.

బోరు నీరు వాడొచ్చా?

వాడొచ్చు, నేరుగా మాత్రం వద్దు. బోరు నుంచి వచ్చే నీటిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. ఇనుము ఉంటే గాలి తగలగానే తుప్పురంగు తేలి గుడ్డుకు, పిల్ల మొప్పకు పూతలా అంటుకుంటుంది. నీటిని పైనుంచి మెట్లమీదుగానో, చిల్లుల రేకుమీదుగానో జారవిడిచి, తొట్టెలో ఒక రోజు నిలిపి, పైతేట నీరు వాడండి. చెరువు నీరు వాడేటప్పుడు 60 మెష్ గుడ్డతో వడకట్టాలి. సైక్లాప్స్ అనే కంటికి ఆనని పురుగు గుడ్లను, లేత పిల్లను కొరికి చంపుతుంది. వడకట్టని హేచరీల్లో పిల్ల కారణం తెలియకుండా పోయేది చాలావరకు దీనివల్లే.

స్పాన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

తెల్లటి బేసిన్‌లో కొంచెం నీరు, స్పాన్ పోసి చేత్తో ఒకసారి గుండ్రంగా తిప్పండి. ఆరోగ్యంగా ఉన్నవి ప్రవాహానికి ఎదురీదుతూ అంచుకు వస్తాయి. నీరసించినవి మధ్యలో గుమిగూడతాయి. మధ్య గుంపు పెద్దదైతే ఆ సరుకు వదిలెయ్యండి.

తర్వాత వయసు అడగండి. పచ్చసొన సంచి ఇంకా ఉండగానే అమ్మితే ప్రయాణంలో తట్టుకోదు. నాలుగైదు రోజులు మేత లేకుండా ఉంచి అమ్మితే చెరువులో దిగాక కోలుకోదు. లెక్క విషయంలో మొహమాటపడొద్దు. వడకట్టిన స్పాన్ 1 మి.లీ.లో ఇంచుమించు 500 పిల్లలుంటాయి. కప్పుతో కొలిచి ఇస్తారు గనుక, ఒక చిన్న కొలతలో ఉన్నవాటిని మీ కళ్లముందు లెక్కపెట్టించండి. రెండు మూడుసార్లు లెక్కించి సగటు తీసుకోవాలి. చెరువులో పిల్ల తక్కువ తేలినప్పుడు, తగ్గింది చెరువులోనా కప్పులోనా అని తర్వాత తేల్చుకోలేరు.

ఒడిశా పిసికల్చర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ హేచరీలు, ప్రభుత్వ ఫారాలు ఉన్నాయి. ఆంధ్రలోని కైకలూరు వైపు నుంచి కూడా తెచ్చుకోవచ్చు, కానీ 10 గంటలకు పైగా ప్రయాణం. దగ్గరలో మంచి సరుకు దొరికితే దూరం పోకండి. రోహులో జయంతి రకం దొరికితే తీసుకోండి. నార్వే పరిశోధకులతో కలిసి సీఫా ఎంపిక ప్రజననంతో, అంటే బాగా పెరిగే చేపలనే ఎంచి జత కట్టిస్తూ, అభివృద్ధి చేసిన ఈ రకాన్ని 1997లో విడుదల చేశారు. మామూలు రోహు కంటే వేగంగా పెరుగుతుంది.

నర్సరీ చెరువు తయారీ ఎలా? ఇదే మాకు అర్థం కావడంలేదు.

పిల్ల బతుకు 90 శాతం ఇక్కడే తేలిపోతుంది. స్పాన్ దిగాక మీరు చేయగలిగేది తక్కువ. అందుకే వివరంగా రాస్తున్నాం.

ఎండాకాలంలో గుంట ఎండిపోతే మీ అదృష్టం. నెర్రెలు విచ్చేదాకా ఎండనివ్వండి. అడుగు బురద ఒక జానెడు మించి ఉంటే తీసి పొలానికి తోలండి, కలుపు వేళ్లతో పీకండి. నీరు వచ్చే తూముకు సన్నని వల కట్టి నింపితే శత్రుచేపల బెడద ఉండదు, ఇప్ప చెక్క ఖర్చు మిగులుతుంది. ఏడాదంతా నీరుండే గుంటైతే కొర్రమీను, మట్టగిడస, జెల్ల, గొరక ఉండి తీరతాయి. ఎన్నిసార్లు వల లాగినా బురదలో దూరినవి మిగులుతాయి. ఒక్క కొర్రమీను మిగిలినా స్పాన్‌ను రోజుకు వేలల్లో మింగేస్తుంది.

దానికి మన దగ్గర మందు ఇప్ప చెక్క. మహేంద్రగిరి, గుమ్మ, రాయగడ అడవుల్లో ఇప్ప చెట్టుకు కొదవలేదు, గింజ నుంచి నూనె తీశాక మిగిలే చెక్కే ఇది. 10 సెంట్లకు 100 కిలోలు. ముందు రోజు రాత్రి నానబెట్టి, తెల్లవారి ఎండ వచ్చాక గుంటంతా సమానంగా చల్లి, బురద కదిలేలా వల అడుగంటా లాగండి. రెండు మూడు గంటల్లో చేపలు తేలతాయి, పట్టి తినొచ్చు. ఇందులోని సపోనిన్ చేప ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది, మనిషికి హాని లేదు. విషం 15–20 రోజులుంటుంది. తర్వాత అదే చెక్క కుళ్లి ఎరువవుతుంది. అందుకే ఇప్ప చెక్క వేసిన గుంటకు పేడ సగం చాలు.

తర్వాత సున్నం. మట్టి పీహెచ్ 7 దగ్గరుంటే 8–12 కిలోలు. మన కొండవాలు ఎర్రమట్టి నేలలు చాలావరకు ఆమ్లం వైపు ఉంటాయి. పీహెచ్ 6 కంటే తక్కువైతే 40 కిలోల దాకా పడుతుంది. కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష చేయించి నిర్ణయించుకోండి. ఆమ్ల నేలలో సున్నం తగ్గిస్తే ఎంత పేడ వేసినా నీరు రంగు తిరగదు, ఎరువు బురదలోనే చిక్కుకుపోతుంది.

సున్నం వేసిన మూడు నాలుగు రోజులకు పచ్చిపేడ 200 కిలోలు, ఇప్ప చెక్క వేయకపోతే 400 కిలోలు. ఇది స్పాన్ రావడానికి సుమారు 10–15 రోజుల ముందు.

ఇక అసలు కిటుకు వేరుశనగ చెక్క ద్రావణం. వేరుశనగ చెక్క 30 కిలోలు, పేడ 8 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు కలిపి నీటిలో నానబెట్టి చిక్కటి ముద్ద చేయండి. సగం స్పాన్ వదలడానికి రెండు మూడు రోజుల ముందు చల్లాలి. మిగతా సగం పిల్ల దిగాక నీటి రంగు చూసుకుంటూ రెండు మూడు విడతల్లో. పచ్చిపేడ ఒక్కటే ఎక్కువగా వేస్తే ముదురాకుపచ్చ నాచు పెరుగుతుంది, స్పాన్ నోటికి అది పట్టదు. ఈ ద్రావణంతో రోటిఫర్లు, మోయినా వంటి సూక్ష్మ జంతువులు పెరుగుతాయి. స్పాన్‌కు తొలివారం కావలసిన ఆహారం అదే. నీరు పచ్చగా కాక, కాస్త గోధుమ ఛాయ తిరిగితే సరిగ్గా ఉన్నట్టు. ఈ సూక్ష్మజీవులను పట్టే సన్నని ప్లాంక్టన్ వలలో 50 లీటర్ల నీరు వడకట్టి గొట్టంలో నిలిపితే అడుగున 1–2 మి.లీ. పేరుకోవాలి.

ఇప్ప చెక్క దొరకలేదు, లేదా 20 రోజులు ఆగే సమయం లేదు.

బ్లీచింగ్ పౌడరు 14 కిలోలు వాడండి. లేదా 4 కిలోల యూరియా చల్లి, 24 గంటల తర్వాత 7 కిలోల బ్లీచింగ్ చల్లితే అంతే పని చేస్తుంది. సంచి తెరిచి నెలలైన బ్లీచింగ్‌లో సత్తువ ఉండదు, ఘాటు వాసన లేకపోతే కొనొద్దు. దీని విషం 7–8 రోజుల్లో పోతుంది. ఎండ్రిన్ వంటి పురుగుమందులు చెరువులో పోయడం మాత్రం ఎంతమాత్రం తగదు. అవి బురదలో నిలిచిపోతాయి, ఆ నీరు తాగే పశువులకూ ముప్పే.

ఏది వాడినా విషం పోయిందో లేదో తేల్చుకోవడం తేలిక. చెరువులోనే చిన్న హాపా, అంటే సన్నని వలగుడ్డ తొట్టె, కట్టి అందులో కొన్ని పిల్లలను ఒక రోజంతా ఉంచండి. బతికితే వదలొచ్చు.

నీటిపురుగులు అంత ప్రమాదమా?

అవును. వెల్లకిలా ఈదే పురుగు, నీటితేలు, తూనీగ పిల్ల, నీటి పేడపురుగు ఇవన్నీ స్పాన్‌ను పట్టి రసం పీల్చేస్తాయి. ఎరువు వేసిన వారంలోనే ఇవి ఎగిరొచ్చి చేరతాయి, కాబట్టి చెరువు ఎండబెట్టినా తప్పించుకోలేరు. 10 సెంట్లకు ఏదైనా చవక వంటనూనె 2.25 కిలోలు, బట్టల సబ్బు 700 గ్రాములు. సబ్బును తరిగి వేడినీటిలో కరిగించి, నూనె పోస్తూ చిక్కటి తెల్లని ద్రావణం అయ్యేదాకా చిలకండి. స్పాన్ వదలడానికి 12–24 గంటల ముందు, గాలి లేని వేళ నీటిపై చల్లాలి. పురుగులు పైకొచ్చి గాలి పీల్చుకోకుండా ఆ పొర అడ్డుపడుతుంది. గాలి వీస్తే పొర ఒక మూలకు చేరిపోయి పని వృథా అవుతుంది.

10 సెంట్లలో ఎన్ని స్పాన్ వదలాలి? జాతులు కలపొచ్చా?

లక్షా ఇరవై వేల నుంచి రెండు లక్షలు. మొదటి విడత లక్షతో మొదలుపెట్టినా తప్పులేదు. స్పాన్ దశలో మూడు జాతులూ ఒకే ఆహారం కోసం పోటీపడతాయి కనుక ఒక గుంటలో ఒకే జాతి. జూన్ నుంచి ఆగస్టు వరకు ఒకే గుంటలో రెండు మూడు విడతలు తీయొచ్చు.

సంచి విప్పి నేరుగా పోసేయొచ్చా?

వద్దు. మూతికట్టిన సంచిని 15–30 నిమిషాలు నీటిపై తేలనివ్వండి. తర్వాత విప్పి చెరువు నీరు కొద్దికొద్దిగా కలుపుతూ, సంచిని వాలుస్తే పిల్ల తానే ఈదుకుంటూ పోవాలి. ఉదయం లేదా పొద్దు వాలాక వదలండి. మిట్టమధ్యాహ్నం పైనీరు కాగి ఉంటుంది.

మేత ఎంత?

వేరుశనగ చెక్క, తవుడు సమానంగా తీసుకుని, మెత్తగా దంచి వస్త్రగాళితం చేయాలి. లక్ష స్పాన్‌కు మొదటి 5 రోజులు రోజుకు 600 గ్రాములు, ఆ తర్వాత 1,200 గ్రాములు. రెండు పూటలా సగం సగం. 2 లక్షల స్పాన్‌కు 15 రోజులకు మొత్తం 30 కిలోలు అవుతుంది. ఒకే మూలకు కాకుండా గట్టు చుట్టూ చల్లండి. ముసురు పట్టి నీరు కదలకుండా ఉన్న రోజు సగానికి తగ్గించండి. పట్టే ముందు రోజు మేత ఆపేయాలి.

వదిలి వారం కాలేదు, పిల్ల కనిపించడం మానేసింది.

లేత పిల్ల మూడు నాలుగు రోజులు అడుగు, అంచులు పట్టుకుని ఉండటం మామూలే. చిన్న దోమతెర వల అంచు వెంట లాగి చూడండి. అప్పుడూ రాకపోతే ఎక్కువగా మూడే కారణాలు. వదిలేటప్పటికే ఇప్ప విషం పోలేదు. నీటిపురుగులు మిగిలాయి, టార్చి వేసి రాత్రి చూస్తే అవి కనిపిస్తాయి. లేక ఆహారం లేని తేటనీటిలో వదిలారు. మూడోది ఎక్కువమంది గుర్తించరు. స్పాన్‌కు పచ్చసొన అయిపోయిన వెంటనే సూక్ష్మజీవులు నోటికందాలి, చెక్కపొడి వాటికి పూర్తిగా ప్రత్యామ్నాయం కాదు.

తెల్లవారుజామున పిల్ల పైకొచ్చి నోరు తెరుస్తోంది.

ప్రాణవాయువు తగ్గింది. మేత, ఎరువు రెండూ ఆపండి. కొత్త నీరు పైనుంచి పడేలా పెట్టండి, పంపు లేకపోతే గట్టునుంచి బకెట్లతో నీళ్లు ఎత్తిపోస్తూ అలజడి చేయండి. ఎండ ఎక్కాక సర్దుకుంటుంది. వరసగా రెండు మూడు రోజులు ఇలాగే ఉంటే నాచు మితిమీరిందని అర్థం, ద్రావణం మిగతా విడతలు వేయొద్దు.

ఫింగర్‌లింగ్ దాకా మనమే పెంచితే?

డబ్బు అక్కడే ఉంది. లోతు 1.5–2 మీటర్లున్న చెరువులో 10 సెంట్లకు 8,000–12,000 ఫ్రై. ఇక్కడ బొచ్చె, రోహు, మృగాల, గడ్డిచేప కలపొచ్చు. నీటిలో పొరపొరకూ మేసే చేప వేరు. గడ్డిచేప ఉంటే నీటిపై తేలే డక్‌వీడ్ వంటి చిన్న ఆకుమొక్కలు వేయండి. మేత శరీర బరువులో 8–10 శాతంతో మొదలుపెట్టి క్రమంగా 5 శాతానికి దించాలి. పదిహేను రోజులకోసారి వల లాగి ఓ ఇరవై పిల్లలను తూచి మేత లెక్క సవరించుకోండి. 60–70 శాతం బతకడం మంచి ఫలితం. పెద్దవి, చిన్నవి వేరుచేసి అమ్మితే కొన్నవాళ్లు మళ్లీ వస్తారు.

ప్యాకింగ్ ఎలా?

ముందు పిల్లను వలతో కూడదీసి హాపాలో ఒక రోజు పస్తు ఉంచాలి. ఆ ఒక్క రోజులో పొట్ట ఖాళీ అవుతుంది, ఇరుకుకు అలవాటుపడుతుంది. ఇది చేయకపోతే దారిలో మలంతో నీరు చెడి, అమ్మోనియాతో సంచి మొత్తం పోతుంది. 16–18 లీటర్ల సంచిలో మూడోవంతు నీరు, రెండు వంతులు ప్రాణవాయువు. స్పాన్ 25,000–50,000, ఫ్రై 500–1,000, ఫింగర్‌లింగ్ అయితే 50–100. 12 గంటల ప్రయాణానికి ఇందులో తక్కువ అంకె పాటించండి. రాత్రిపూట బయల్దేరడం మంచిది.

జబ్బులు వస్తే?

నర్సరీలో మొప్ప పురుగులు, తెల్ల మచ్చలు కనిపిస్తాయి. పిల్ల గట్టుకు ఒళ్లు రాసుకుంటూ, గుంపు విడిచి తిరుగుతుంటే అనుమానించండి. పట్టి 2–3 శాతం ఉప్పునీటిలో 2–3 నిమిషాలు ముంచి తీయొచ్చు. పిల్ల తలకిందులైతే వెంటనే తీసేయాలి. తల్లిచేపల మీద చేప పేను వానాకాలం ముందే చూసుకోండి, పేను పట్టిన ఆడచేప సరిగా గుడ్లు వదలదు. మాలకైట్ గ్రీన్ జోలికి పోకండి. అది నిషిద్ధం, తినే చేపలో మిగిలిపోతుంది.

సాల్మన్ పిల్ల మన దగ్గర పెంచొచ్చా? వీడియోల్లో చూశాం.

కుదరదు. సాల్మన్ చలిదేశాల చేప. దాని గుడ్డుకు 8 డిగ్రీల నీరు కావాలి, ఆ చలిలో పగలడానికే రెండు నెలలు పడుతుంది. తర్వాత సముద్రానికి వెళ్లే ముందు ఏడాది అటూ ఇటూ మంచినీటిలో పెంచుతారు. మహేంద్రతనయ, వంశధార నీరు చలికాలంలో కూడా అంత చల్లబడదు. మన వేడికి సరిపడ్డ బొచ్చె గుడ్డు 18 గంటల్లో పగులుతుంది. ఈ వేడే మనకు పెట్టుబడి. సాల్మన్ పెంచేవాళ్ల నుంచి మనం తీసుకోదగ్గది జాతి ఎంపిక పద్ధతి, జయంతి రోహులో దాన్ని ఇప్పటికే తీసుకున్నారు.

ప్రభుత్వ సాయం ఏముంది?

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో హేచరీకి, పిల్లల పెంపకం చెరువులకు ఆమోదించిన యూనిట్ ఖర్చులో సాధారణ వర్గానికి 40 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీగా నిర్ణయించారు. దరఖాస్తుకు ముందే తవ్వకం మొదలుపెట్టొద్దు. ఆమోదం వచ్చాక చేసిన పనికే సబ్సిడీ లెక్క కడతారు. ప్రస్తుత గడువు, మొత్తం జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. పట్టాలో పేరు తాతగారిదే ఉంటే ముందు తహసీల్ కార్యాలయంలో మార్పించుకోండి, ఎక్కువ ఫైళ్లు ఆగేది అక్కడే. చేపల పెంపకానికి కిసాన్ క్రెడిట్ కార్డు కూడా ఇస్తారు.

సాంకేతిక సలహాకు గజపతివారికి ఆర్.ఉదయగిరిలోని కృషి విజ్ఞాన కేంద్రం, గంజాంవారికి బరంపురం దగ్గర రంగైలుండ మత్స్య కళాశాల దగ్గర. ఫారాలు ఒడియాలో ఉంటాయి. చదవడం రానివారు తెలిసిన వారిని వెంట తీసుకెళ్లి, ఏం రాశారో చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

అక్టోబరు తుపానులో చెరువు పొంగి పిల్లంతా పోతోంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతిలో కొండవాగులు గంటల్లో పొంగాయి. వాగు పక్కన పెంపకం చెరువు తవ్వొద్దు. గట్టు, నిండు నీటిమట్టానికి కనీసం రెండడుగులు ఎత్తుండాలి. అదనపు నీరు పోయే చోట వెడల్పైన కలుజు కట్టి, దానికి పిల్ల జారని కన్ను వల బిగించండి. వల ఆకులతో మూసుకుపోతే గట్టే తెగుతుంది కాబట్టి, ముందు ఒక వెదురు తడిక పెట్టి ఆకులు అక్కడే ఆగేలా చూడండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే ఒక అడుగు నీరు తీసేయండి. ఫింగర్‌లింగ్ అమ్మకాలు సెప్టెంబరు నెలాఖరుకు ముగిసేలా మొదటి విడత స్పాన్‌ను జూన్‌లోనే దించుకోవాలి.